పతన పరీక్ష

సంరక్షణ శాఖలో ఇకమీదట జబ్బు అనే మాటే వినిపించదని మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించింది ఆస్పత్రి మంచం మీద నుంచి. ఆ వారం ఆయనకు జలుబు చేసింది.

ఇద్దరు పెద్ద డాక్టర్లు చెరో చెయ్యీ పట్టుకుని నాడి చూస్తుండగా, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఆయన విలేకరులతో మాట్లాడారు. “మా ఆదరణ గృహాల్లో ముసలివాళ్లనీ మంచం దిగలేనివాళ్లనీ చూసుకునే ఆయాలు, వార్డు బాయ్‌లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్లలో ఇవాళ సిక్ లీవులో ఉన్నది ఎందరు? ఒక్కరు లేరు. జీరో. మా హయాంలో సిబ్బందికి ఆరోగ్యం అలా ఉప్పొంగుతోంది” అని చెప్పి తుమ్మారు. విలేకరులు తుమ్మును కూడా రాసుకున్నారు.

ఈ ఘనత ఊరికే రాలేదు. సిక్ లీవు సెక్షన్‌ను శాఖవారు మూడో అంతస్తుకు మార్చారు. మార్చిన రోజే లిఫ్టు ఆపేశారు. మెట్లెక్కి వచ్చినవాడు మెట్లెక్కగలిగాడు కాబట్టి వాడికి జబ్బు లేదు, దరఖాస్తు చెల్లదు. మెట్లెక్కలేనివాడు దరఖాస్తే ఇవ్వలేడు కాబట్టి వాడికీ జబ్బు లేదు. ఒక్క మందుబిళ్ల ఖర్చు లేకుండా ఇంతమంది రోగాలు నయం చేసిన ప్రభుత్వం మరోటి ఉంటే చూపించమనండి.

ఇంత చక్కటి పరుపులో ఒక్క నల్లి మిగిలిపోయింది. దాని పేరు దీర్ఘకాలిక అశక్తత. ఎప్పటిదో పాత చట్టం. పనిలో ఒళ్లు పాడైన మనిషి పోస్టులో దరఖాస్తు పంపుకోవచ్చట. పోస్టుమాన్‌కు మెట్లెక్కడం వచ్చు. శాఖకు అదే తలనొప్పి అయింది. ఆ నల్లిని కూడా నలిపే ఏర్పాట్లు జరుగుతున్న రోజుల్లోనే క్రేనక్క దరఖాస్తు వచ్చి పడింది.

క్రేనక్కకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, దాన్ని జీతం పట్టీ తప్ప ఎవరూ వాడరు. ఆదరణ గృహం రెండో వార్డులో ఆమె ఆయా. మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూమ్‌కి, బాత్రూమ్ నుంచి మళ్లీ మంచం మీదకి మనుషుల్ని ఎత్తి దించడం పని. నిజానికి అందుకోసం ప్రభుత్వం ఒక యంత్రం కొనిచ్చింది. విదేశీ సరుకు, బెల్టులూ చక్రాలూ ఉంటాయి. వాడితే పాడవుతుందని సూపరింటెండెంటుగారు దాన్ని తన గదిలో పెట్టుకుని, కొక్కేనికి కోటు తగిలించుకుంటారు. క్రేను ఆఫీసు గదిలో, క్రేనక్క వార్డులో. అలా పేరొచ్చింది.

వార్డులో ఒక మాజీ వస్తాదు ఉన్నాడు. కండలు కరిగినా బరువు కరగలేదు. ఒకరోజు స్నానాల గదిలో స్టూలు మీద నుంచి జారాడు. క్రేనక్క రెండు చంకల కింద చేతులేసి ఆపింది. తాత క్షేమంగా ఉన్నాడు. ఆమె నడుములో మాత్రం ఎండుపుల్ల విరిగిన చప్పుడు అయింది. ఆనాటి నుంచి ఎడమ కాలు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు ఉంటోంది. చెప్పు ఊడిపోయినా తెలియదు.

పెద్దాస్పత్రి డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, “అమ్మా, నీకు అర్థమయ్యేట్టు చెప్తాను. బరువెత్తకుండా కూర్చుంటే ఈ కాలు నీది. ఇంకా మనుషుల్ని ఎత్తుతానంటే ఒకరోజు అది నీ మాట వినదు. ఆ రోజు ఎప్పుడని నన్నడక్కు” అన్నాడు.

అశక్తత మంజూరైతే స్టోరు గదిలో దుప్పట్లు మడతపెట్టే కూర్చునే పని ఇస్తారు. కాకపోతే మర్నాడే వార్డుకు వెళ్లి, మొదట ఆ వస్తాదునే ఎత్తాలి. అంతే సంగతి. కాలు ఉంటుందా, పోతుందా. దాన్ని తేల్చేది ఒక పరీక్ష.

ఆ పరీక్ష కనిపెట్టిన మహానుభావుడు శాఖ డైరెక్టరుగారు. చదువుకున్న మనిషి. ఆయన మెదడు నిద్రలో కూడా ఫైళ్లు తిరగేస్తుందని అంటారు. ఒకసారి తనిఖీకి వచ్చి, తడి గచ్చు మీద కాలు జారారు. విరిగిన చేతికి కట్టుతో దరఖాస్తు పోస్టు చేయడానికి బయల్దేరిన ఒక ఆయా పక్కనే ఉండి, రెండో చేత్తో ఆయన కాలరు పట్టుకుని నిలబెట్టింది. మామూలు మనిషైతే థాంక్స్ చెప్పి ఊరుకునేవాడు. డైరెక్టరుగారు టై సర్దుకుని, “నీకు జబ్బు లేదు” అని ఆమె చేతిలోని దరఖాస్తు తీసుకుని చింపేశారు.

సాయంత్రానికి సర్క్యులర్ తయారైంది. అశక్తత కోరే సిబ్బంది ముందు ఒక మనిషి పడబోవాలి. పట్టుకుంటే ఫిట్. పట్టుకోకపోతే అశక్తత. ఎక్స్‌రేలు, స్కానింగులు, స్పెషలిస్టులు ఏమీ అక్కర్లేదు. ‘పతన పరీక్ష’ అని పేరు పెట్టారు. మంత్రిగారు ఫైలు చూసి, “ఇన్నాళ్లూ ఏమయ్యావయ్యా నువ్వు” అని డైరెక్టరుగారి వీపు తట్టారట.

పడటానికి ఒక మనిషి కావాలి కదా. నాటకాల్లో చచ్చే పాత్రలకు పేరున్న ఒక నటుణ్ణి కాంట్రాక్టు మీద తీసుకున్నారు. హోదా, పతన సలహాదారు. ఆయన గదికి బోర్డు కూడా ఉంది. ఎప్పుడు ఏ వేషంలో వచ్చి పడతాడో ఎవరికీ తెలియకూడదని ఆయన సొంత నియమం. ఒకరోజు పోస్టుమాన్‌గా సంచీతో సహా పడతాడు. ఒకరోజు కర్ర పట్టుకున్న మామ్మగారిలా పడతాడు. ఒకసారి ఇన్‌కమ్‌టాక్స్ ఆఫీసరుగా వచ్చి పడితే, ఆయన్ని కూడా పట్టుకున్నారు. మనుషులంటే అంత పిచ్చి ఈ ఆయాలకి.

పరీక్షకు వెళ్లినవాళ్లెవరూ అశక్తులు కాలేకపోయారు. మణికట్టు బెణికినావిడ మోకాలు అడ్డం పెట్టింది. మోకాళ్లు పోయినాయన కూలబడి ఒళ్లో పట్టాడు. రెండు భుజాలూ బిగుసుకుపోయిన వార్డు బాయ్ ఛాతీతో ఆపాడు. ఒకావిడ గట్టి పంతం పట్టి, కళ్లు మూసుకుని నిలబడింది. పడిన చప్పుడు ఎంతకీ రాకపోయేసరికి కళ్లు తెరిస్తే, నటుడు ఆవిడ చేతుల్లోనే ఉన్నాడు. ఉద్యోగంలో చేరింది మొదలు ఆ నటుడి ఒంటికి నేల తగల్లేదు. మనిషి నిగనిగలాడుతున్నాడు.

పిలుపు రాగానే క్రేనక్క ఇంట్లో సమావేశం జరిగింది. ఇల్లంటే ముందుగది, వెనకగది. ముందుగదిలో భర్త కుట్టుమిషను. ఆయన దర్జీ. వెనకగదిలో అత్తగారి మంచం. తలుపు తీసి ఉంచితే అత్తగారు అక్కడి నుంచే రెండు గదుల్నీ పాలిస్తుంది.

“ఇందులో ఏముందే?” అన్నాడు భర్త. “వాడు పడతాడు. నువ్వు చూస్తూ ఊరుకుంటావు. అయిపోయింది.”

“నువ్వు చెప్పినంత వీజీ కాదయ్యా. అందరూ అలాగే అనుకుని వెళ్లారు.”

“అయితే ప్రాక్టీసు చేద్దాం. నేను పడతాను, నువ్వు పట్టుకోకు.”

మిషను పక్కకు జరిపారు. ఆయన మెడలో టేపు తీసి గోడకు తగిలించి, గది మధ్యలో నిలబడి, కళ్లు తేలేసి, ఒక పక్కకి ఒరిగాడు. సగం కూడా ఒరగలేదు, క్రేనక్క చేతులు ఆయన చంకల కింద ఉన్నాయి.

“పట్టుకోవద్దన్నానా?”

“నేను పట్టుకోలేదు. చేతులే వెళ్లాయి.”

“నన్ను మనిషి అనుకోకు. బట్టల మూట అనుకో.”

మళ్లీ పడ్డాడు. మళ్లీ పట్టుకుంది. “మూట పడితే మాత్రం ఊరుకుంటానా? ఉతికిన బట్టలు” అంది.

“పోనీ ఉతకని బట్టలనుకో.”

“అయితే మళ్లీ పడు.”

పట్టుకుంది. దర్జీ చెమట తుడుచుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో భార్య తనను ఇన్నిసార్లు దగ్గరికి తీసుకోవడం ఇదే మొదలు గనక ఆయనకు పెద్ద విసుగేమీ లేదు. “నువ్వు కళ్లు పక్కకి తిప్పుకో” అని ఇంకోసారి సిద్ధమయ్యాడు.

“నువ్వు పడేటప్పుడు ముందు నేల వంక చూసుకుంటున్నావు” అంది క్రేనక్క నడుం రాసుకుంటూ. “నిజంగా పడేవాడు నేలని చూడడు. చెయ్యి చాపి గాలిని పట్టుకుంటాడు. నీది దొంగ పడటమని తెలిసి కూడా నా చేతులు ఆగట్లేదు చూశావా? పుర్రెతో పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది.”

వెనకగదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. “ఒరేయ్, ఆపుతావా లేదా? పరీక్ష దాకా ఎందుకు, నీ రిహార్సల్సుకే నా కోడలి కాలు పోయేట్టుంది. పడాలని అంత సరదాగా ఉంటే వెళ్లి వీధిలో పడు.”

అత్తగారి మాటలో న్యాయం ఉంది. ఆ పూట నలుగురు మనుషుల్ని ఎత్తినంత పనైంది. క్రేనక్క గోడ పట్టుకుని వెనకగదిలోకి నడిచి, మంచం అంచున కూర్చుంది. ఎడమ పాదాన్ని చేత్తో ఎత్తి పక్కన పెట్టుకుంది. అత్తగారు ఆ పాదాన్ని తన ఒళ్లోకి లాక్కుని, గోటితో గిచ్చింది.

“నొప్పిగా ఉందా?”

“లేదత్తా.”

“ఇదీ?”

“ఏదీ?”

ముసలావిడ మళ్లీ గిచ్చలేదు. కొంగలా మెడ చాపి కొడుకు వంక చూసి, “దర్జీవాడివి. చేతులాపడానికి నీకింకో మార్గం తోచలేదురా?” అంది. క్రేనక్కకు ఏడుపొచ్చింది. అది కాలు కోసమో, ఆ కాలును ఒళ్లో పెట్టుకున్న మనిషి కోసమో ఆమెకే తెలియలేదు.

దర్జీకి తోచింది. ఆదరణ గృహం ఆయాలు యూనిఫాం మీద వేసుకునే నీలం కోటుకు పెద్ద పెద్ద జేబులుంటాయి. ఆ జేబుల లోపల, మణికట్టు దగ్గరికి వచ్చేట్టు, ఒక్కో గట్టి పట్టీ కుట్టాడు. పట్టీకి రెండేసి గుండీలు. దారం మామూలుది కాదు, గోనె సంచులు కుట్టేది. చేతులు జేబుల్లో పెట్టాక పక్కవాళ్లు గుండీలు పెడితే ఇక మనంతట మనం తియ్యలేం. బయటికి చూస్తే ఎవరో తీరిగ్గా జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డట్టే ఉంటుంది.

“ఏనుగు లాగినా రాదు” అన్నాడు పళ్లతో దారం తెంపుతూ.

“ఏనుగు పడకుండా ఉంటే చాలు” అంది క్రేనక్క.

పరీక్ష రోజు రెండో వార్డు హాలు వెలిగిపోతోంది. పతన పరీక్షకు ఏదో పెద్ద అవార్డు రాబోతోందని, ఆ సందర్భంగా మంత్రిగారే వచ్చి స్వయంగా తిలకిస్తారని కబురు. గోడలకు సున్నం వేశారు. వాసన పడక దగ్గుతున్న తాతల్ని దగ్గవద్దని కోరారు. ద్వారం నుంచి వేదిక దాకా ఎర్ర తివాచీ పరిచారు. తివాచీ హాలు కంటే పొడుగైంది. కత్తిరిస్తే ఆడిట్‌లో పట్టుకుంటారని, మిగిలిన భాగాన్ని వేదిక దగ్గర మడతపెట్టి వదిలేశారు.

పేషెంట్లను చక్రాల కుర్చీల్లో వరసగా పెట్టి, కదలకుండా బ్రేకులు బిగించారు. మొదటి వరసలో వస్తాదు తాత ఉన్నాడు. క్రేనక్కను చూసి తల దించుకున్నాడు. “నా పాపమేనమ్మా ఇదంతా. ఆ రోజు నన్ను వదిలేయాల్సింది” అన్నాడు.

“ఊరుకో తాతా. నిన్ను వదిలేస్తే గచ్చు పగిలేది. దానికి టెండరు పిలవాల్సి వచ్చేది” అంది. తాత నవ్వాడు. తోటి ఆయా వచ్చి, కోటు సర్దుతున్నట్టు వంగి, గుండీలు నాలుగూ పెట్టేసింది. “అక్కా, గట్టిగా నిలబడు” అని చెవిలో చెప్పి వెళ్లింది.

వేదిక పక్కన బల్ల వేసుకుని మెడికల్ బోర్డు పెద్ద కూర్చున్నారు. రూలు డాక్టరని పేరు. రిటైర్మెంటు దగ్గర పడింది. జీవితంలో ఎవరికీ మేలు చేసిన పాపాన పోలేదు, కీడు కూడా చెయ్యలేదు. ఎదురుగా ఉన్న కాగితంలో ఏముంటే అది చేశారు. సర్క్యులర్ తెరిచి కళ్లద్దాలు సర్దుకుని, “ప్రారంభించవచ్చు. ఎవరు పడినా నాకు అభ్యంతరం లేదు” అన్నారు.

క్రేనక్కను వేదిక మెట్టు దగ్గర నిలబెట్టారు. నటుడు ఎటు నుంచి వస్తాడో, ఏ వేషంలో వస్తాడో తెలియదు. ఆమె ఊపిరి బిగబట్టుకుని, వచ్చే పోయే ప్రతివాణ్ణీ చూస్తోంది. నీళ్ల గ్లాసులు తెస్తున్న కుర్రాడా? ఫోటోగ్రాఫరా? మైకు సర్దుతున్నవాడా? చేతులు జేబుల్లో చెమటలు పడుతున్నాయి.

చప్పట్లు మోగాయి. మంత్రిగారు వచ్చారు. ముందు బాడీగార్డు, పక్కన డైరెక్టరుగారు, వెనక పి.ఎ., ఆ వెనక సూపరింటెండెంటుగారు, ఇంకా ఎందుకొచ్చారో వాళ్లకే తెలియని పార్టీవాళ్లు. మంత్రిగారు కెమెరాల వైపు చెయ్యి ఊపుతూ, క్రేనక్క పక్క నుంచి మెట్టు వైపు నడిచారు. అక్కడ తివాచీ మడత ఉంది.

ప్రజా నాయకులు కింద చూసి నడవరు. ఆయన బూటు ముందుభాగం మడతలో దూరింది. ఊపుతున్న చెయ్యి ఊపుతూనే ముందుకు వెళ్లి, గాలిని పట్టుకుంది. ఆ తర్వాత మంత్రిగారు, ఆయన వెనకే ఆయన కళ్లద్దాలు, తివాచీ మీద బోర్లా పడ్డారు.

అందరి తలలూ తివాచీ వైపు తిరిగాయి. ఆ తర్వాత డైరెక్టరుగారు చప్పట్లు మొదలుపెట్టారు. తక్కినవాళ్లు అందుకున్నారు.

“అద్భుతం” అన్నారు డైరెక్టరుగారు. “ఇంత సహజంగా పడటం నేనింతవరకు చూడలేదు. మేకప్ కూడా చూడండి, అచ్చు మన మంత్రిగారే.”

కింద నుంచి ఒక గొంతు వచ్చింది. “నేనే మంత్రినిరా.”

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుని, చంకలో గొడుగుతో, లెక్కల మాస్టారి వేషంలో, పతన సలహాదారు లోపలికొచ్చాడు. “ఆలస్యమైందా?” అని అడిగాడు. డైరెక్టరుగారి చప్పట్లు గాల్లోనే ఆగిపోయాయి.

మంత్రిగారు తల ఎత్తి ఒక్కొక్కరి మొహం చూశారు. మూతికి తివాచీ నూగు అంటింది. “నేను పడుతుంటే ఒక్కడు పట్టుకోలేదు. ఒక్కడు. ఎందుకని?”

ఈ ప్రశ్నకు రెండే జవాబులున్నాయి. ఇష్టం లేక పట్టుకోలేదు, చేతకాక పట్టుకోలేదు. మొదటిది చెబితే ఉద్యోగం ఉండదు. ఆ సంగతి అందరికంటే ముందు డైరెక్టరుగారికి తట్టింది. మరి పెద్ద చదువులు ఊరికే పోవు.

“సార్, నాకు నడుం నొప్పి” అన్నారాయన. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, మొహం కూడా అందుకు తగ్గట్టు మార్చారు. “చాలాకాలంగా ఉంది. మీకు చెప్పి బాధపెట్టడం ఇష్టం లేక...”

“నాకు భుజం సార్” అన్నాడు పి.ఎ. “పైకి లేవదు. ఫోను కూడా ఎడమ చేత్తోనే ఎత్తుతాను.” ఫోను కుడి చేతిలో ఉంది. ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు.

“నాకు మోకాళ్లు” అన్నాడు బాడీగార్డు, తలుపంత మనిషి. సూపరింటెండెంటుగారికి మెడ పట్టేసింది. పార్టీవాళ్లలో ఒకడికి కళ్లు తిరుగుతాయి, ఒకడికి అరికాలి మంట, ఇంకొకడు బాగా ఆలోచించి తనకు గుండెలో నీరుందన్నాడు. కొద్దిసేపట్లో ఆ హాలులో నిఖార్సయిన ఆరోగ్యవంతులు చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లే.

రూలు డాక్టరు ఎవరినీ చూడకుండా రాసుకుంటున్నారు. “పతనం జరిగింది. ఎదురుగా ఉన్నవారు పట్టుకోలేదు. సర్క్యులర్ ప్రకారం వీరందరికీ దీర్ఘకాలిక అశక్తత. డైరెక్టరుగారు, పి.ఎ.గారు, బాడీగార్డు...” అని వరసగా చదివి, కళ్లద్దాల మీదుగా క్రేనక్కను చూశారు. “రెండో వార్డు ఆయా. చేతులు జేబుల్లోనే ఉన్నాయి. ఈమె కూడా.”

“ఈవిడ ఎలా అవుతుంది?” డైరెక్టరుగారికి నడుం నొప్పి తగ్గిపోయింది. “పట్టుకోవడం ఈవిడ డ్యూటీ. అందరికంటే దగ్గర నిలబడిందీ ఈవిడే. ఇది అశక్తత కాదు, నిర్లక్ష్యం. ఈ పేరు కొట్టేయండి. రేపు ఉదయం వార్డులో రిపోర్టు చెయ్యాలి.”

క్రేనక్కకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. నేల కదిలితే ఆమెకు ఒక్క కాలికే తెలుస్తుంది. వస్తాదు తాత కుర్చీలో ముందుకు వంగి, “నా బ్రేకు తియ్యండ్రా, ఆ టై వాడి సంగతి చూస్తాను” అన్నాడు. ఎవరూ తియ్యలేదు.

“కొట్టేయడానికి నాకు అభ్యంతరం లేదు” అన్నారు రూలు డాక్టరు. “పతనం ఒకటే, తీర్మానం ఒకటే. ఒక పేరు నిర్లక్ష్యమైతే అన్నీ నిర్లక్ష్యమే అవుతాయి. మంత్రిగారు పడుతుంటే డైరెక్టరుగారు నిర్లక్ష్యంగా చూస్తూ ఊరుకున్నారని రాయాల్సి ఉంటుంది. రాయమంటారా?”

డైరెక్టరుగారు మంత్రిగారి వంక చూశారు. మంత్రిగారు నేల మీద నుంచి డైరెక్టరుగారి వంకే చూస్తున్నారు.

“ఉండనివ్వండి” అన్నారు డైరెక్టరుగారు. నడుం నొప్పి మళ్లీ వచ్చింది. “పాపం, ఆడమనిషి.”

“తెమిలిందా మీ పంచాయితీ?” అన్నారు మంత్రిగారు. “ముందు నన్ను లేపండి.”

ఎవరూ కదల్లేదు. కదిలితే ఏమవుతుందో అందరికీ తెలుసు. లేపినవాడు ఫిట్. ఫిట్ అయినవాడు ఇందాక కావాలనే పట్టుకోలేదన్నమాట. తీర్మానం మీద సిరా ఇంకా ఆరలేదు. డైరెక్టరుగారు నడుం పట్టుకుని, పి.ఎ. భుజం పట్టుకుని, బాడీగార్డు మోకాళ్లు పట్టుకుని, మంత్రిగారి చుట్టూ ఎంతో గౌరవంగా నిలబడ్డారు.

మంత్రిగారి చూపు లెక్కల మాస్టారి మీద పడింది. “నువ్వైనా రావయ్యా.”

“క్షమించాలి సార్” అన్నాడు నటుడు వినయంగా. “నా కాంట్రాక్టులో పడటం వరకే ఉంది.”

అప్పుడు వాళ్లందరి కళ్లూ, అలవాటు చొప్పున, క్రేనక్క వైపు తిరిగాయి. మంత్రిగారి కళ్లు కూడా. “అమ్మా...” అన్నారాయన, ఎన్నికల ముందు తప్ప వాడని గొంతుతో.

క్రేనక్క ఆయన పక్కకు వచ్చి, వంగకుండా నిలబడింది. వార్డులో కొత్తగా వచ్చిన తాతలతో మాట్లాడే గొంతుతో చెప్పింది. “కంగారేం లేదండి. ముందు మోకాలు కిందకి తెచ్చుకోండి. ఆ, అలా. ఇప్పుడు అరిచేతులు నేలకి ఆనించండి. తల పైకెత్తొద్దు. ఇక మీ బరువు మీరే మొయ్యండి. అలవాటు లేక కాస్త కష్టంగా ఉంటుంది.”

కాసేపటికి మంత్రిగారు లేచారు. తనంతట తానే. కళ్లద్దాలు కూడా ఆయనే తీసుకున్నారు. చప్పట్లు మోగాయి. ఈసారి భుజం నొప్పి ఉన్నవాళ్లు కూడా కొట్టారు.

మర్నాటి పత్రికల్లో మొదటి పేజీలో ఫోటో వచ్చింది. ‘ఎవరి సాయం లేకుండా లేచిన మంత్రి’ అని శీర్షిక. సంరక్షణలో స్వయంశక్తికి ఇదే నిదర్శనమని, ఇకపై పేషెంట్లందరూ ఇదే బాటలో నడవాలని ఆయన పిలుపునిచ్చినట్టు కింద రాశారు. లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఇంకో వార్త ఉంది. శాఖలోని పై అధికారులందరూ దీర్ఘకాలిక అశక్తత కింద ఇంటి దగ్గరే విశ్రాంతి తీసుకుంటున్నారట. కింది సిబ్బందిలో జబ్బులు ఎప్పటిలాగే సున్నా అట. క్రేనక్క పేరు పై అధికారుల జాబితాలో కలిసిపోవడం వల్ల ఆ సున్నాకు ఏ భంగమూ కలగలేదు.

పరీక్ష నాటి సాయంత్రమే కాగితం చేతికొచ్చింది. క్రేనక్క ఇంటికొచ్చేసరికి దర్జీ మిషను ఆపి, వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. సంగతి వినగానే పట్టలేక నవ్వాడు. కాగితాన్ని తీసుకెళ్లి తల్లికి చూపించాడు. అత్తగారికి చదువు రాదు. అయినా అటూ ఇటూ తిప్పి చూసి, తలగడ కింద పెట్టుకుని, “ఇక దుప్పట్లే కదా? అవి ఎక్కడ పడితే అక్కడ పడి ఉండనీ. పట్టుకోకు” అంది.

“నా కుట్టు నిన్ను కాపాడిందే” అన్నాడు దర్జీ గర్వంగా. “గోనె దారమంటే మాటలా? ఇలా రా, కోటు విప్పుతాను.”

ఎడమ జేబులో గుండీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాటిని తీసి, కుడి జేబులో చెయ్యి పెట్టి, ఆగిపోయాడు. పట్టీ మొదలంటా ఊడిపోయి వేలాడుతోంది. రెండు గుండీలూ జేబు అడుగున విడిగా ఉన్నాయి. గోనె దారం తెగిన చోట ఆమె మణికట్టు మీద ఎర్రటి గీత పడింది.

“ఇదేంటే? ఇది తెగిపోయింది కదా?”

“అవును.”

“ఎప్పుడు?”

“ఆయన పడేటప్పుడే.”

“మరి చేతులు జేబుల్లోనే ఉన్నాయని డాక్టరు రాశాడంటివి?”

క్రేనక్క స్టూలు లాక్కుని కూర్చుంది. ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి, మిషను తొక్కే పలక మీద జాగ్రత్తగా పెట్టుకుంది.

“బయటికొచ్చిందయ్యా. పడేది ఎవరో చూసుకుంది. మళ్లీ లోపలికెళ్లిపోయింది.”